మళ్లీ అల వస్తోందంట

కావలి,
ఆదివారం

ఒరేయ్ అబ్బయా,

ఎట్టున్నావు? ఇక్కడ వారం నుంచి ఇంట్లో ఒకటే టెన్షన్. పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు తిరుగుతున్నారని మా వదిన ఫోన్‌కి ఎవరిదో గొంతు వచ్చింది. పక్క వీధిలో ఇద్దర్ని పట్టుకున్నారంట. ఎవరు చూశారు వదినా అంటే, పాలాయన తోడల్లుడు చూశాడంట. చూసినోళ్లు ఎప్పుడూ మనకి ఒక ఇల్లు అవతలే ఉంటారు కదా! 2018లో ఇలాంటి పుకార్లకి అమాయకుల ప్రాణాలు పోయాకే మన దేశంలో వాట్సాప్ వాడు ఒకేసారి ఐదు చోట్లకి మించి పంపకుండా కట్టడి చేశాడు. మా వదిన ఐదు చోట్లకీ పంపి, పక్కింటావిడకి గోడ మీద నుంచి నోటితో చెప్పింది.

నవ్వబోయి ఆగిపోయానురా. మీ మైపాడు గుర్తొచ్చింది.

2004 డిసెంబర్ 30. సునామీ వచ్చి నాలుగు రోజులు. మళ్లీ రావచ్చని కేంద్ర హోం శాఖే హెచ్చరించింది, తర్వాత దానికి ఆధారం లేదని తేలింది. ఈలోపు మనం ట్రాక్టర్ ఎక్కేశాం. మీ నాయనమ్మ నగల పెట్టె మర్చిపోయి, ఇడ్లీ పిండి గిన్నె మాత్రం ఒళ్లో పెట్టుకుంది. "పొద్దునకి పులుస్తది, పారేసుకుంటామా?" అని కసిరింది. గతుకు పడ్డప్పుడల్లా పిండి ఆమె చీర మీద ఒలికేది.

నెల్లూరులో దిగగానే ఒకాయన ఆత్రంగా అడిగాడు, నీళ్లు యాడిదాకా వచ్చాయని. "రోడ్డు దాకా వచ్చేశాయన్నా" అన్నాను. నేను ఒక్క చుక్క చూస్తే ఒట్టు! అంత దూరం పరిగెత్తుకొచ్చి, ఏమీ రాలేదని ఏ మొహంతో చెప్పేది?

ఈ మధ్య ఒకటి చదివాను. 1934 బిహార్ భూకంపం తర్వాత, ఊరు ఊగినా ఇళ్లు కూలని చోట్ల, ఇంతకంటే పెద్ద గండం వస్తోందని పుకార్లు లేచాయంట. ఫెస్టింజర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1957లో దాని గురించి రాశాడు. గుండెల్లో దడ ఉంది, కళ్లెదుట నష్టం లేదు, అందుకని దడకి సరిపడా కారణం వాళ్లే కల్పించుకున్నారని ఆయన లెక్క. నా రోడ్డు మీద నీళ్లూ అంతేరా.

నెల్లూరులో అడిగినాయన నా మాట విని పక్కనున్న ముసలమ్మని లేపాడు. రెండు సంచులు భుజానేసుకుని, ఆమె చెయ్యి పట్టుకుని బస్సు కోసం పరిగెత్తాడు. ఎటు పోయారో.

నువ్వు నా పక్కనే ఉన్నావు కదరా. కాదని ఎందుకు చెప్పలేదు?

నీ,
పిండి గిన్నె పక్కన కూర్చున్నవాడు