డిశ్చార్జి చీటీ తర్వాతి నెలల గురించి ఆరోగ్య మంత్రిగారికి ఒక బహిరంగ లేఖ

కర్ణాటక ప్రభుత్వ ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖ మంత్రివర్యులకు,

నమస్కారములు.

నేను బెంగళూరులో కృష్ణరాజపురం దగ్గర ఇరవై రెండేళ్లుగా కాపురముంటున్నాను. సొంతూరు కదిరి పక్కన ఒక పల్లె. వృత్తిరీత్యా లెక్కలు రాసేవాడిని, వైద్యుణ్ణి కాను. మద్యపాన వ్యసనానికి చేసే చికిత్స గురించి నాకు తెలిసినదంతా మా అక్క భర్తను వెంటబెట్టుకుని ఆసుపత్రుల చుట్టూ తిరిగిన నాలుగేళ్లలో కొంత, ఆ తర్వాత పరిశోధనల గురించి చదివి కొంత నేర్చుకున్నదే. ఈ చికిత్సలో మనం దేన్ని లెక్కపెడుతున్నాం, దేన్ని వదిలేస్తున్నాం అన్న ఒక్క విషయం మీద మాత్రమే ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా బావ సెంట్రింగ్ మేస్త్రీ. వైట్‌ఫీల్డ్ వైపు లేచిన అపార్టుమెంట్లలో ఎన్నింటి శ్లాబులకు ఆయన చెక్కలు కొట్టాడో ఆయనకే గుర్తు లేదు. శనివారం కూలి చేతిలో పడగానే ఒక క్వార్టర్ తాగడంతో మొదలై, రోజూ పొద్దున చేతుల వణుకు తగ్గడానికి తాగే స్థితికి వచ్చాడు. ఒక ఏడాది కార్తీక మాసంలో అయ్యప్ప మాల వేసుకుని ఒక్కసారిగా మానేశాడు. మూడో రోజు రాత్రి గోడ నిండా చీమలు పాకుతున్నాయని దుప్పటితో తుడవసాగాడు, పక్కనే ఉన్న మా అక్కను ఎవరని అడిగాడు. మాలలో ఏదో అపచారం జరిగిందని ఇంట్లో అందరూ భయపడి, దిష్టి కూడా తీశారు. ఏళ్ల తరబడి తాగుతున్న శరీరం ఒక్కసారిగా మద్యం ఆపేస్తే రెండో రోజు నుంచి నాలుగో రోజు లోపల ఇలాంటి మతిభ్రమ రావచ్చనీ, సకాలంలో వైద్యం అందకపోతే ప్రాణం కూడా పోవచ్చనీ, బి1 విటమిన్ ఇంజెక్షన్లతో పాటు మెదడును శాంతపరచే మందులు క్రమపద్ధతిలో తగ్గిస్తూ ఇవ్వాలనీ ఆసుపత్రి డాక్టరు చెప్పేదాకా మాకు తెలియదు. మాల వేసుకుని మానేవాళ్లు ప్రతి వీధిలోనూ ఉన్న ఈ నగరంలో ఈ ఒక్క మాట ఆశా కార్యకర్తల నోట కార్తీకానికి ముందే వినిపిస్తే ఎంత బాగుండేది!

ఆ తర్వాత నగర శివారులోని ఒక ప్రైవేటు డీఅడిక్షన్ సెంటరులో చేర్పించాం. ఫోను తీసేసుకున్నారు, మూడు నెలలు మనిషిని చూడనివ్వలేదు, అప్పు చేసి డబ్బు కట్టాం. ఇంటికి పంపిన రోజు ఇచ్చిన చీటీలో ‘మద్యం మానివేశారు, ఆరోగ్యం మెరుగుపడింది’ అని రాసి ఉంది. నిజమే, మానేశాడు. కానీ సాయంత్రం ఆరు దాటితే ఆయనకు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. ఖాళీ స్టీలు గ్లాసును అరచేతుల మధ్య తిప్పుతూ గడప మీద కూర్చునేవాడు. రాత్రి రెండింటికి లేచి వీధిలో తిరిగేవాడు. నలభై రోజులు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు, నలభై ఒకటో రోజున తాగి వచ్చాడు. ఆ సెంటరు రిజిస్టరులో ఆయన ఈనాటికీ ‘నయమైన’ రోగుల పద్దులోనే ఉండి ఉంటాడు.

రెండోసారి ఒక ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లినప్పుడు అక్కడి సోషల్ వర్కరు ఐదు ప్రశ్నలున్న ఒక కాగితం తీశారు. గత రెండు వారాల్లో మనసు ఉల్లాసంగా ఉందా, ప్రశాంతంగా ఉందా, ఒంట్లో చురుకుదనం ఉందా, నిద్ర లేచేసరికి బడలిక తీరి ఉంటోందా, రోజులో ఆసక్తి కలిగించే పనులేమైనా ఉన్నాయా అని అడిగే ఆ కాగితం ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన మానసిక క్షేమ సూచిక. ఒక్కో జవాబుకు 0 నుంచి 5 వరకు మార్కులు, మొత్తం 25, నాలుగుతో హెచ్చిస్తే 100. ఆమె కన్నడంలో అడుగుతుంటే నేను తెలుగులో చెబుతూ, మొదటి ప్రశ్నకు ‘హుషారుగా ఉంటున్నావా బావా’ అన్నాను. ఆయన చాలా రోజుల తర్వాత నవ్వాడు. ‘హుషారంటే మనకు తాగినప్పుడే కదప్పా’ అన్నాడు. ఆమెకు ఆ నవ్వు అర్థం కాలేదు, నేను వివరిస్తే పెన్ను పక్కన పెట్టి కాసేపు ఆలోచించారు. ఆ రోజు ఆయనకు వచ్చినవి ఏడు మార్కులు, అంటే నూటికి 28. మానేసిన మనిషి ఎందుకు మళ్లీ తాగాడో మాకు అప్పుడు తెలిసింది. ఐదు నిమిషాల పని, ఖర్చు ఒక కాగితం.

అయ్యా, పరిశోధనలు కూడా ఇటువైపే వేలు చూపిస్తున్నాయి. మద్యం వ్యసనంతో ఆసుపత్రిలో చేరిన పురుషుల మీద అమెరికాలో జరిగి 1988లో వెలువడిన ఒక అధ్యయనంలో, చేరిన నాటికి 42 శాతం మందిలో తీవ్రమైన కుంగుబాటు లక్షణాలు కనిపించగా, నాలుగు వారాలు మద్యం లేకుండా గడిచాక ఆ సంఖ్య 6 శాతానికి దిగింది. అంటే చేరిన రోజున మనసును కొలిచి ఊరుకుంటే పెద్దగా ప్రయోజనం లేదు, నాలుగు వారాల తర్వాత కూడా దిగులు తీరని వాళ్లెవరో కనిపెట్టి వాళ్లకు కుంగుబాటుకు విడిగా వైద్యం చేయాలి. ఆ నాలుగో వారం వచ్చేనాటికి మన రోగులు చాలామంది ఇంటికి వెళ్లిపోయి, ఏ రిజిస్టరుకూ అందకుండా ఉంటారు.

మన దేశంలోనే, గోవా ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో జరిగిన అధ్యయనం ఇంకా విలువైనది. వైద్య డిగ్రీలు లేని, తర్ఫీదు పొందిన సామాన్యులు, హానికరంగా తాగే పురుషులకు నాలుగు విడతలకు మించకుండా కౌన్సెలింగ్ ఇచ్చారు. మూడు నెలల తర్వాత ఆ స్థితి నుంచి బయటపడినవారు కౌన్సెలింగ్ పొందినవారిలో 36 శాతం, పొందనివారిలో 26 శాతం. ఇది 2017లో లాన్సెట్ పత్రికలో అచ్చయింది. అయితే తాగుడు తగ్గినా, పనికి వెళ్లలేకపోయిన రోజుల్లోనూ, ఇంట్లో భార్య మీద హింసలోనూ తేడా కనబడలేదని కూడా ఆ పరిశోధకులే దాచకుండా రాశారు. ఆ అధ్యయనం పూర్తిగా వ్యసనంలో కూరుకుపోయినవారి మీద జరిగింది కాదని నాకు తెలుసు. అయినా మద్యం తగ్గినంత మాత్రాన మిగతా బతుకు తనంతట తాను సర్దుకోదన్న సంగతిని మా అక్క ఇంకెవరూ చెప్పక్కర్లేకుండానే ఒప్పుకుంటుంది.

కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం ఎయిమ్స్ జరిపి 2019లో ప్రకటించిన జాతీయ సర్వే ప్రకారం, మద్యానికి బానిసలైన ప్రతి 38 మందిలో ఒక్కరికి మాత్రమే ఏదో ఒక చికిత్స అందింది, ఆసుపత్రిలో చేరి వైద్యం పొందినవారు 180 మందిలో ఒక్కరు. ఆ ఒక్కరినైనా చివరిదాకా పట్టుకోలేకపోవడం నన్ను ఎక్కువగా బాధిస్తోంది. మద్యం మీద ఏటా 30 వేల కోట్ల రూపాయలకు పైగా రాబడి ఉన్న రాష్ట్రానికి చికిత్స తర్వాత కూడా రోగిని కనిపెట్టుకుని ఉండటం తలకు మించిన ఖర్చని ఎవరన్నా నేను నమ్మను, నేను లెక్కలు రాసేవాడిని.

అందువల్ల మిమ్మల్ని కోరేది ఇది. ప్రభుత్వ ఆసుపత్రిలో గానీ, అనుమతి ఉన్న ప్రైవేటు కేంద్రంలో గానీ మద్యం మాన్పించే చికిత్స పొందిన ప్రతి వ్యక్తినీ నాలుగో వారంలోనూ, మూడో, ఆరో, పన్నెండో నెలలోనూ పిలిపించి, తాగాడా లేదా అన్నదానితో పాటు నిద్ర, దిగులు, పని, ఇంటి పరిస్థితి కూడా అడిగి నమోదు చేసే నియమం పెట్టండి. ఆ అంకెలను ఏటా ప్రకటించండి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం దుర్వినియోగంతో ముడిపడిన మానసిక స్థితులను కూడా తన పరిధిలోకి తెచ్చింది, నమోదు లేకుండా ఇలాంటి కేంద్రాలు నడపరాదంది. కాబట్టి శివార్లలోని తాళం గదుల మీద తనిఖీకి మీకు కొత్త చట్టమేదీ అక్కర్లేదు.

ఈ పిలుపు పెద్ద ఆసుపత్రికి కాకుండా వార్డులో ప్రభుత్వం నడిపే చిన్న ఆసుపత్రి నమ్మ క్లినిక్‌కు రావాలి, అదీ సాయంత్రం వేళ. పొద్దున ఏడింటికి అడ్డా మీద నిలబడే కూలివాడు మధ్యాహ్నం కౌన్సెలింగుకు వస్తే ఆ రోజు కూలి పోతుంది, అది చాలు రెండోసారి రాకుండా ఉండటానికి. మాట్లాడేవారికి తెలుగు, తమిళం, ఉర్దూ, హిందీలలో రోగికి వచ్చిన భాష రావాలి. మానసిక వైద్యానికి పేరుపడ్డ నిమ్హాన్స్ సంస్థ ఉన్న ఊరికి తర్ఫీదు ఇచ్చేవాళ్ల కొరత లేదు. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే ఫోను సేవ టెలి మానస్ 14416 నంబరులో తెలుగులో మాట్లాడే వీలుంది, కానీ మా వీధిలో ఆ నంబరు తెలిసినవారు నాకు ఒక్కరూ తారసపడలేదు.

భార్యల గురించి ఒక్క మాట. భర్తకు తెలియకుండా సంగటిలో కలపమని మందుల షాపులో తాగుడు మాన్పించే డైసల్ఫిరామ్ మాత్రలు ఇచ్చేవారున్నారు. ఆ మాత్ర వేసుకున్న మనిషి తాగితే గుండె దడ, వాంతులు, రక్తపోటు పడిపోవడం వంటివి ముంచుకొస్తాయి, అందుకే రోగి ఒప్పుకోలుతో, డాక్టరు పర్యవేక్షణలోనే వాడాలి. మా అక్క కూడా ఒక స్ట్రిప్పు కొని బియ్యం డబ్బాలో దాచింది, వాడలేదు. ఆమెను ఆ షాపు దాకా తీసుకెళ్లిన నిస్సహాయతను అడిగి తెలుసుకోవడానికి ఆ నాలుగేళ్లలో ఏ ఆసుపత్రిలోనూ ఎవరూ ఆమెకు కుర్చీ వేయలేదు. ఆ ఐదు ప్రశ్నలు ఆమెనూ అడగాలని నా మనవి.

మా బావ తాగక పద్నాలుగు నెలలైంది. మొన్న అడిగినప్పుడు మార్కులు పదిహేను వచ్చాయి. నిద్ర ప్రశ్నకు మాత్రం ఇంకా రెండే వేసుకుంటున్నాడు. వచ్చే నెల మళ్లీ రమ్మన్నారు, కానీ పెద్దాసుపత్రికి వెళ్లిరావాలంటే ఆయనకు ఒక రోజు పని పోతుంది. మా ఇంటికి నమ్మ క్లినిక్ మూడు వీధుల దూరం.

ఇట్లు,
తమ విధేయుడు,
కృష్ణరాజపురం ప్రాంత నివాసి, బెంగళూరు