వందకు పెట్టుకోమని చెప్పి టికెట్టు మూసేసిన వారికి

కస్టమర్ కేర్ పై అధికారి గారికి,

శ్రీకాకుళం నుంచి రాస్తున్నాను. మీ లెక్కలో నా సమస్య తీరిపోయింది. తీరిందని మెసేజ్ కూడా వచ్చింది, కింద ఫైవ్ స్టార్ రేటింగ్ ఇమ్మని వేడుకోలుతో సహా. స్టార్ల సంగతి తర్వాత చూద్దాం. ముందు ఏం తీరిందో చెప్పండి.

మీ పద్నాలుగు అంగుళాల ల్యాప్‌టాప్‌లో డిస్‌ప్లే స్కేలింగ్ (అక్షరాలు, బొమ్మలు తెరమీద ఎంత పెద్దగా కనబడాలో చెప్పే సెట్టింగ్) 150 శాతం ఉంటే వీడియో కుదుపులతో ఆడుతుంది. 100కు దించితే సాఫీగా ఆడుతుంది గానీ అక్షరాలు చీమ తలకాయంత అయిపోతాయి. ఆ 150 నేను పెట్టింది కాదు. పెట్టె విప్పిన రోజే అలా ఉంది, పక్కన 'రికమెండెడ్' అని రాసి మరీ ఉంది.

ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ ట్యూషన్ చెబుతాను. సరళ హరాత్మక చలనం పాఠంలో లఘులోలకం వీడియో వేస్తే, గుండు మధ్యలో ఆగి, ఉన్నట్టుండి ఆ చివర తేలుతుంది. సెకనుకు 60 ఫ్రేముల వీడియోలో ఒక్కో ఫ్రేముకు దొరికేది 16.7 మిల్లీసెకన్లు. ఆ గడువు మీ యంత్రం దాటేస్తోందని పిల్లలే లెక్కగట్టి నవ్వుకున్నారు. పాఠానికి అదో ఉదాహరణ దొరికింది, థాంక్స్.

ఇక మీ వాళ్ల సేవలు. తెలుగు కోసం నొక్కమన్న నంబరే నొక్కాను, హిందీ వచ్చింది. "మీ కాల్ మాకు ఎంతో ముఖ్యం" అని మాత్రం తెలుగులోనే చెప్పారు, అదీ మళ్లీ మళ్లీ. చివరికి దొరికిన అమ్మాయి "నెట్ స్లోగా ఉందేమో సార్" అంది. వీడియో ల్యాప్‌టాప్‌లోనే ఉందమ్మా, నెట్‌తో పనిలేదు అన్నాను. "అయితే రౌటర్ ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి సార్" అంది. ఆ పిల్లని ఏమీ అనను, ముందున్న కాగితంలో ఏముంటే అదే చదివింది. ఆ కాగితం రాసినవాళ్లతోనే నాకు పేచీ.

తర్వాత ఇంకొకాయన రిమోట్‌లో, అంటే తన చోటు నుంచే నా ల్యాప్‌టాప్‌లోకి వచ్చాడు. నా కళ్ల ముందే బాణం గుర్తు తిన్నగా డిస్‌ప్లే సెట్టింగ్స్‌లోకి వెళ్లింది, 150ని 100 చేసింది, వీడియో ఆడించింది. "ఓకేనా సార్, హ్యావ్ ఎ నైస్ డే." నేను నోరు విప్పేలోగా లైను కట్. మళ్లీ చేస్తే మొదటినుంచీ చెప్పమన్నారు. చెప్పాను. ఈసారి మనిషి అంతా విని, "సార్, మీరు కళ్లద్దాలు వాడతారా?" అని అడిగాడు. వాడతాను బాబూ. అది మీ వారంటీలో ఏ షరతు కిందకు వస్తుందో రాతపూర్వకంగా తెలియజేయండి.

వైజాగ్ సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లమన్నారు. వంద కిలోమీటర్ల పైమాట, బస్సులో ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని వెళ్లాను. అద్దాల కౌంటర్ వెనక ఇంజినీరు దాన్ని తన పెద్ద మానిటర్‌కు తగిలించాడు. ఆ మానిటర్ స్కేలింగ్ ఎంత? వంద. వీడియో బ్రహ్మాండంగా ఆడింది. "ఈ స్క్రీన్ మీద కాదు నాయనా, దాని సొంత స్క్రీన్ మీద వెయ్యి" అంటుండగానే జాబ్ షీట్ మీద 'సమస్య కనబడలేదు' అని రాసి, పక్క టోకెన్ పిలిచాడు. చూస్తే కదా కనబడడానికి!

బెంగళూరులో ఉన్న నా పాత శిష్యుడు, భోజనం చేస్తూ ఫోన్లో, మీ కంపెనీ అంతా కలిసి చెప్పలేనిది చెప్పాడు. "మాస్టారూ, స్క్రీన్‌లో చుక్కలు 1920 బై 1080. మీరు 150 పెడితే అన్నీ ఒకటిన్నర రెట్లు అవుతాయి, అంటే 1280 బై 720లో పట్టేంతే పడుతుంది. స్కేలింగ్ తెలియని పాత ప్రోగ్రాములు మామూలు సైజులోనే గీసుకుంటాయి, విండోస్ ఆ బొమ్మని సాగదీస్తుంది. అందుకే మసక, పైగా గ్రాఫిక్స్‌కు అదనపు పని" అన్నాడు. పాత వీడియో ప్లేయర్ ప్రాపర్టీస్‌లో కంపాటిబిలిటీకి వెళ్లి హై డీపీఐ అనే స్కేలింగ్ సెట్టింగ్ మార్పించాడు. ప్లేయర్ కుదుటపడింది. బ్రౌజర్ పడలేదు. టాస్క్ మేనేజర్‌లో జీపీయూ, అంటే గ్రాఫిక్స్ చిప్, ఎంత పని చేస్తోందో చూపే గ్రాఫ్ తెరిపించాడు: 150 పెడితే గీత ఎగబాకింది, 100 పెడితే దిగింది. "డ్రైవరో (చిప్‌ను నడిపే సాఫ్ట్‌వేర్), గ్రాఫిక్సో, కంపెనీ వాళ్లే చూడాలి మాస్టారూ" అన్నాడు. మీ వాళ్లలో ఆ గ్రాఫ్ తెరవమన్నవాడు ఒక్కడూ లేడు.

నా మొదటి డెస్క్‌టాప్ మీదే. మా అమ్మాయి బీటెక్ ల్యాప్‌టాప్ మీదే. మా తోడల్లుడు దుకాణానికి కంప్యూటర్ కొంటుంటే మీ పేరు చెప్పింది నేనే, ఇప్పుడు ఆయన ఎదురుపడితే మాట మారుస్తున్నాను. ఇన్నేళ్లలో ఈ ఇంటి నుంచి మీకు చేరిన డబ్బుకు ఒక్క తెలిసిన మనిషి ఫోన్ కాల్ పాటి విలువ లేదా?

గ్రాఫిక్స్ గురించి తెలిసినవాడెవడైనా ఉంటే అతని చేత మాట్లాడించండి. డ్రైవర్‌తో పోతుందంటే సరి. పోదంటే బోర్డు మార్చండి, లేదా డబ్బు వెనక్కివ్వండి, ఏదో ఒకటి తేల్చండి. ఎలాగూ వారంటీ అయిపోయేదాకా సాగదీయాలనే ఉద్దేశమైతే, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయడం నాకూ వచ్చు. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం ఫిర్యాదు నేనుండే చోటే వేయొచ్చు. అయిదు లక్షల లోపు వ్యవహారానికి ఫీజు కూడా లేదు. వైజాగ్‌కు నేను వచ్చాను, ఈసారి శ్రీకాకుళం జిల్లా వినియోగదారుల కమిషన్‌కు మీరు రండి. ఎండ ఎక్కువ, గొడుగు తెచ్చుకోండి.

మూసేసిన టికెట్టు ముందు తెరవండి. ఫోన్ చేస్తే తెలుగు వచ్చినవాళ్ల చేత, పగటిపూట చేయించండి. సాయంత్రం ఆరు దాటితే పిల్లలుంటారు, ఎత్తను.

ఇట్లు,
మీ రికార్డుల్లో 'సమస్య పరిష్కరించబడిన' కస్టమరు