సిరిమాను సంబరానికి పంపిన పప్పు గురించి

పైడితల్లమ్మ సిరిమాను సంబరానికి చుట్టాలు వస్తారని పలాసలోని మా షెడ్డు నుంచి జీడిపప్పు తెప్పించుకున్న విజయనగరం వారికి ఈ సంగతి నేనే చెప్పాలి. 240 రకం అని చీటీ అంటించి పంపిన అరకిలో పొట్లాల్లో 46 పొట్లాలు 320 రకానివి, అంటే అంతకన్నా చిన్న పప్పువి. ఒక అమ్మగారు ఓపికగా లెక్కపెట్టి ఫోన్ చేశారు: "బాబూ, 340 ఉన్నాయి." 240 రకమంటే పౌనుకు, అంటే 454 గ్రాములకు, 240 గుండ్లు, అంటే విరగని నిండు పప్పులు, మించకూడదు. అరకిలోకు 264 దాటకూడదు. ఆవిడ లెక్క సరైనదే. పైగా కొన్ని పొట్లాల్లో పప్పు మెత్తబడింది.

డబ్బు వెనక్కి కావాలన్నా, కొత్త పొట్లం కావాలన్నా మీ ఇష్టం. పాతది తిప్పి పంపనక్కరలేదు.

"పలాస వాళ్లంతా ఇంతే" అని ఒకరు అన్న మాట మాత్రం నాకింకా గుచ్చుకుంటోంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానం తోటలను కూల్చినప్పుడు మంచి పిక్కలు దొరకక షెడ్డు మూసుకున్నాను గానీ, పాత సరుకు కలిపి అమ్మలేదు.

జరిగింది ఇది. పొట్టు తీసిన పప్పు ముసురు పట్టిన రాత్రి తెరిచిన ట్రేల్లోనే ఉండిపోయింది. మళ్లీ డ్రయ్యర్‌లో పెట్టకుండానే పొట్లాలు కట్టారు. తేమ 5 శాతం దాటితే పప్పు నిలవ ఉండదని మా షెడ్డులో తెలియనివారు లేరు. అడిగితే గ్రేడింగ్ వారు ప్యాకింగ్ వారిని చూపించారు, వారు డ్రయ్యర్ దగ్గరివారిని చూపించారు. ఆరో రోజు రాత్రి, తాళం వేస్తుంటే, చీటీలు అంటించే కుర్రవాడు గుమ్మం దగ్గర నిలబడిపోయాడు. "240, 320 ట్రేలు మారాయని ఆ సాయంత్రమే తెలిసిందండీ. చెబితే రోజు కూలి పోతుందని చెప్పలేదు" అన్నాడు.

తప్పు చేస్తే రోజు కూలి కోత అనే నియమం నేను పెట్టిందే. అది పెట్టాక గడిచిన రెండేళ్లలో ఒక్క తప్పు కూడా నా చెవిన పడలేదు. పని బాగుపడిందని సంతోషించాను కూడా.

వాణ్ని పంపేయమని మా అన్నయ్య పట్టుబట్టాడు. మూడు రాత్రులు నిద్ర పట్టలేదు. 46 ఇళ్లలో మా పరువు తీసినవాడు. కానీ తొమ్మిది మందిలో నోరు విప్పింది వాడొక్కడే. వాణ్ని పంపేస్తే మిగిలిన ఎనిమిది మంది ఇంకెప్పుడైనా నాతో నిజం చెబుతారా? ఉంచాను. కూలి కోత ఎత్తేశాను. అన్నయ్య ఇంకా నాతో సరిగా మాట్లాడటం లేదు. అయినా నా మాట మార్చుకోను.

ఇప్పుడు ప్రతి ట్రేతో ఒక కాగితం నడుస్తుంది. ఎవరు ఏరారో, తేమ ఎవరు చూశారో, ఎవరు కట్టారో వారే రాస్తారు. చివరి సంతకం నాది. తప్పు సరుకు బయటకు వెళితే ఆ నష్టం కూడా నాదే. మిగిలిన మెత్త పప్పును మిఠాయి దుకాణానికి చవకగా ఇచ్చేయమన్నారు. ఇవ్వను.

నిన్న ఆ కాగితం మీద పొట్టు తీసే అమ్మ ఒకరు "రెండో ట్రే సరిగా ఆరలేదు, నేను చూసుకోలేదు" అని రాసి పేరు పెట్టారు. ఆ ట్రే మళ్లీ డ్రయ్యర్‌లోకి వెళ్లింది. అందుకే ఈ వారం ఆర్డర్లు రెండు రోజులు ఆలస్యంగా బయలుదేరుతాయి.