మూడు శాతం ఎక్కడ పోయిందో అడిగినవాళ్లకి

పోయిన శుక్రవారం నా పీహెచ్‌డీ డిఫెన్స్ అయిపోయింది. మెసేజ్‌లు పెట్టిన అందరికీ విడివిడిగా జవాబిస్తాను, కాస్త టైమివ్వండి. ఈ పోస్టు మాత్రం మా ల్యాబ్ వాళ్ల కోసం; ఒకప్పుడు నా కొలతల్లో మూడు శాతం తేడా వచ్చింది, అదెక్కడ పోయిందో అడిగినవాళ్లకీ ఇందులోనే జవాబుంది. వాళ్లలో ఒక్కరికీ తెలుగు రాదు. ట్రాన్స్‌లేట్ బటన్ నొక్కి ఏదో అర్థం చేసుకుని సోమవారం నన్ను ఏడిపిస్తారని తెలుసు, అయినా ఇంగ్లీషులో రోజుకి పదిసార్లు థాంక్యూ అని చెప్పి చెప్పి ఆ మాట అరిగిపోయింది, అందుకని ఇలా.

తెలియనివాళ్ల కోసం ఒక మాట. నేను చదివింది అమెరికాలో, మాడిసన్‌లో, విస్కాన్సిన్ యూనివర్సిటీ మెడికల్ ఫిజిక్స్ డిపార్ట్‌మెంట్‌లో. మా అమ్మ వైజాగ్‌లో చుట్టాలందరికీ "మావాడు క్యాన్సర్ డాక్టరు" అని చెప్పేసింది. కాదమ్మా. డాక్టరు రాసిచ్చిన రేడియేషన్ డోసు మెషిన్‌లోంచి సరిగ్గా అంతే వస్తోందా లేదా అని కొలిచే పని మాది. దానికి వాడే సాధనాల్లో టీఎల్‌డీ (థర్మోల్యూమినెసెంట్ డోసీమీటర్) ఒకటి, మూడు మిల్లీమీటర్ల పలక, లిథియం ఫ్లోరైడ్‌తో చేస్తారు. రేడియేషన్ తగిలితే లోపల దాచుకుంటుంది, తర్వాత వేడి చేస్తే వెలుగుగా వదిలేస్తుంది, ఆ వెలుగును కొలిస్తే డోసు తెలుస్తుంది. డోసు కొలవడానికి దీన్ని వాడొచ్చని 1950ల్లో ఆలోచన చేసిన ఫారింగ్టన్ డేనియల్స్ ఈ యూనివర్సిటీ కెమిస్ట్రీ ప్రొఫెసరే, 1960ల్లో ఆస్పత్రులకి పనికొచ్చేలా చేసినవాళ్లలో ముఖ్యుడు జాన్ కామెరాన్ మా డిపార్ట్‌మెంట్‌కి మూలపురుషుడు. అంటే నేను టీఎల్‌డీల పుట్టింట్లో కూర్చుని టీఎల్‌డీలని అనుమానించానన్నమాట.

మూడో ఏడాది చలికాలం సంగతిది. టీఎల్‌డీ ఒక డోసు చెబుతుంది, పక్కనే పెట్టిన అయాన్ ఛాంబర్ (రేడియేషన్ తగిలినప్పుడు గాలిలో పుట్టే ఛార్జ్‌ని కొలిచి డోసు చెప్పే సాధనం) ఇంకోటి చెబుతుంది, ఛాంబర్‌ది ఎప్పుడూ మూడు శాతం తక్కువ. ఒకసారి రెండు, ఒకసారి నాలుగు వస్తే చెయ్యి వణికిందనుకోవచ్చు, కానీ ప్రతిసారీ మూడే. పలకలన్నీ మళ్లీ 400 డిగ్రీల దగ్గర గంటసేపు, 80 దగ్గర ఒక రోజంతా కాల్చాను. ఓవెన్‌ని అనుమానించాను, పలకల్ని వేడి చేసి వెలుగు కొలిచే రీడర్‌ని అనుమానించాను, చివరికి రేడియేషన్ శక్తి మారితే టీఎల్‌డీ స్పందన మారుతుందని ఒక సిద్ధాంతం అల్లి, గ్రాఫు కూడా గీసి, కాన్ఫరెన్సులో పోస్టర్ పెడదామని సిద్ధమైపోయాను.

మా సీనియర్ ఒకామె ఉంది. ఇక్కడ అందర్నీ పేరు పెట్టే పిలవాలి, నేనూ అలాగే పిలుస్తాను, మనసులో మాత్రం అక్కే. ఆ గ్రాఫు చూసి బాగుందనలేదు, బాలేదనలేదు. నా నోట్‌బుక్ తిరగేసి ఒక్క ప్రశ్న వేసింది: "ఈ ప్రెషర్ ఎక్కడ చూసి రాశావు?"

ఫోన్‌లో. ల్యాబ్ బ్యారోమీటర్ అప్పటికి క్యాలిబ్రేషన్‌కి వెళ్లి ఉంది, వెదర్ యాప్‌లో కనిపించిన అంకె వేసేశాను.

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు, పెన్ను తీసుకుని నా పేజీలోనే మిల్లీబార్లలో రెండు అంకెలు రాసింది: యాప్ చెప్పిన 1018, గదిలో నిజంగా ఉండాల్సిన 987. అయాన్ ఛాంబర్ లోపల ఉండేది మామూలు గాలే, బయటి గాలితో కలిసే ఉంటుంది. ఆ రోజు గదిలో ప్రెషర్ తక్కువైతే లోపల గాలి కూడా తక్కువ, ఛార్జ్ తక్కువ, అందుకే టెంపరేచర్‌కీ ప్రెషర్‌కీ సవరణ వేస్తాం. వెదర్ యాప్ చెప్పేది గదిలో ప్రెషర్ కాదు, ఊళ్లన్నిటినీ ఒకే మ్యాపు మీద పోల్చడానికి వీలుగా సముద్రమట్టానికి మార్చిన అంకె. మాడిసన్ దాదాపు 260 మీటర్ల ఎత్తులో ఉంది. ప్రెషర్ ఎక్కువ ఉందనుకుంటే వెయ్యాల్సినంత సవరణ వెయ్యం, డోసు తక్కువగా వస్తుంది. 1018ని 987తో భాగించండి. అదే నా మూడు శాతం!

నేను పుట్టి పెరిగింది బీచ్ దగ్గర. అక్కడ ఈ రెండు అంకెలకీ తేడానే ఉండదు, జీవితంలో ఎప్పుడూ అనుమానం రాకపోవడానికి అదొక సాకు. (హైదరాబాద్‌లో ఇదే పని చేసి ఉంటే ఆరు శాతం పోయేది, బహుశా మొదటి రోజే దొరికిపోయేవాణ్ని.)

ప్రొఫెసర్ గారికి చెప్పడానికి రెండు రోజులు పట్టింది. ఆయన తిట్టలేదు, మంగళవారం మీటింగ్‌లో అందరి ముందూ ఇదే చెప్పమన్నారు. చెప్పాను. అప్పుడు అడిగారు: ఇది ఆస్పత్రిలో జరిగితే పేషెంట్‌కి ఎక్కువ వెళ్లేదా, తక్కువ వెళ్లేదా? బోర్డు దగ్గర నిలబడి చాలాసేపు ఆలోచించాను. ఛాంబర్ తక్కువ చూపిస్తోంది కాబట్టి మెషిన్ తక్కువ ఇస్తోందనుకుని దాన్ని పెంచుతాం, అంటే ప్రతి పేషెంట్‌కీ మూడు శాతం ఎక్కువ. మొత్తం మీద డోసు 5 శాతం లోపు కచ్చితంగా ఉండాలన్నది ఈ రంగంలో పాత మాట, అందులో సగానికి పైగా నేనొక్కణ్నే ఫోన్ చూసి తినేసేవాణ్ని. గది చల్లగా ఉన్నా నాకు చెమట పట్టింది. మీటింగ్ అయ్యాక ఇద్దరు గబగబా వెళ్లి తమ నోట్‌బుక్‌లు తిరగేసుకోవడం కూడా చూశాను, పేర్లు చెప్పను.

మిగతావాళ్ల సంగతీ చెప్పాలి. వర్క్‌షాప్ పెద్దాయన నేను గీసిచ్చిన హోల్డర్ డ్రాయింగ్ చూసి "ఇలాగే చేస్తే నీ పలక లోపలికి పోతుంది, ఇక బయటికి రాదు" అని, తానే కొత్తది గీసి చేసిచ్చారు, థీసిస్‌లో ఉన్న ప్రతి రీడింగూ దాంట్లోంచి వచ్చిందే. ఒక డిగ్రీ కుర్రాడు నేను కిందపడేసిన ట్రేలోని పలకల్ని వాక్యూమ్ ట్వీజర్‌తో ఒక్కొక్కటీ ఏరిపెట్టాడు. వాటన్నిటికీ మళ్లీ విడిగా క్యాలిబ్రేషన్ చెయ్యాల్సి వచ్చింది, దానికీ వాడే తోడు కూర్చున్నాడు.

ఇక చివరి ఏడాది నాన్నకి ఆపరేషన్ అన్నప్పుడు శనివారం ఫోనొచ్చింది, ఆ రాత్రికే టికెట్ తీసుకున్నాను. డిపార్ట్‌మెంట్ ఆఫీసావిడ శుక్రవారమే ఇంటికి వెళ్లిపోయి ఉన్నా, నేను దారిలో ఉండగానే నా ప్రయాణం కాగితాలు మెయిల్‌లో వచ్చాయి. కానీ ఒక బ్యాచ్‌కి ఆ ముందురోజే రేడియేషన్ ఇచ్చి ఉన్నాను. ప్రతి బ్యాచ్‌నీ అదే వ్యవధి తర్వాత చదవాలి, లేకపోతే మిగతావాటితో పోల్చలేం, అది పోయినట్టే అనుకుని విమానం ఎక్కేశాను. ఎవరికీ చెప్పలేదు, చెప్పాలని కూడా తట్టలేదు.

నాన్న కోలుకున్నారు. మూడు వారాల తర్వాత వచ్చి నోట్‌బుక్ తెరిస్తే ఆ రోజు రీడింగులన్నీ అక్క చేతిరాతలో ఉన్నాయి. ల్యాబ్‌కి వచ్చి సరిగ్గా టైముకి చదివి రాసిపెట్టింది, ఆ బ్యాచ్‌కి డోసు కొలిచిన నా ఛాంబర్ లెక్క కూడా మళ్లీ వేసి చూసింది. ప్రెషర్ గడిలో నేను వేసిన అంకె పక్కన టిక్కు పెట్టి, చిన్న అక్షరాలతో రాసింది: "బ్యారోమీటర్‌దే. చూశాను."