తాళం లాక్కునే ముందు ఒక్క నిమిషం ఆగండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మా అక్క కొడుక్కి ఆటిజం. లైసెన్సు ఉంది, హెల్మెట్ పెట్టుకోనిదే స్కూటీ బయటికి తియ్యడు, రూలంటే వాడికి రూలే. ఈమధ్య ఓ సాయంత్రం వాహనాల తనిఖీలో ఆపారు. "ఎక్కడికిరా వెళ్తున్నావ్?" అని కానిస్టేబుల్ అడిగితే, వీడూ "ఎక్కడికిరా వెళ్తున్నావ్?" అన్నాడు. టెన్షన్ పడితే విన్న మాటే మళ్లీ అనడం ఆటిజం ఉన్నవాళ్లలో చాలామందికి ఉంటుంది, కానీ ఆయనకి అది వెటకారంలా వినిపించి బండి తాళం లాగేసుకున్నారు. వీడు చెవులు మూసుకుని ముందుకీ వెనక్కీ ఊగడం మొదలెట్టాడు. ఇక తాగేశాడనుకుని గొట్టం నోటి దగ్గర పెట్టి ఊదమని ఒకటే అరుపులు. పక్క టీ బడ్డీ ఆయన గుర్తుపట్టి మా అక్కకి ఫోన్ చేశాడు కాబట్టి సరిపోయింది.

ఆ కానిస్టేబుల్ చెడ్డవాడని నేననను, ఆయనకి ఇది ఎవరూ చెప్పి ఉండరు. చెప్పాల్సిన బాధ్యత మాత్రం ప్రభుత్వానిదే. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఉంది, పోలీసుల శిక్షణలో దివ్యాంగుల హక్కులు తప్పనిసరిగా ఉండాలని అదే చట్టం 47వ సెక్షన్ చెబుతోంది. పోలీసు ట్రైనింగ్ కాలేజీ మన విజయనగరంలోనే ఉంది కదా, అక్కడ ఒక్కపూట ఆటిజం పిల్లల తల్లిదండ్రుల్ని కూర్చోబెట్టి మాట్లాడించండి. ఒకసారికి ఒకే ప్రశ్న అడగడం, జవాబు కోసం కాస్త ఆగడం, విజిల్ ఆపడం, చెప్పకుండా ఒంటి మీద చెయ్యి వెయ్యకపోవడం, కళ్లలోకి చూడకపోతే దొంగ అనుకోకపోవడం, ఇంతే కావలసింది.

అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రం 2020లో ఆటిజం ఉన్న డ్రైవర్ల కోసం నీలం కవరు పద్ధతి పెట్టింది. లైసెన్సు, బండి కాగితాలు, ఇన్సూరెన్సు అందులో పెట్టుకుంటారు, కవరు మీద ఈ డ్రైవరుతో ఎలా మాట్లాడాలో పోలీసుకీ, ఆపినప్పుడు ఏం జరుగుతుందో డ్రైవరుకీ రాసి ఉంటుంది. తర్వాత వేరే రాష్ట్రాలూ మొదలెట్టాయి. మన దగ్గర వైకల్యం ఉందని చెప్పే సదరం సర్టిఫికెట్టు, దివ్యాంగుల గుర్తింపు కార్డు (యూడీఐడీ) ఎలాగూ ఇస్తున్నారు, వాటి ఆధారంగా తెలుగులో అలాంటి కవరు ఇవ్వడానికి పెద్ద ఖర్చేమీ కాదు. అడిగినవాళ్లకే ఇవ్వాలి, కవరు లేదని ఎవర్నీ తక్కువగా చూడకూడదు.

ఇంకొక్కటి. కవరు చూపిస్తే "నీకు లైసెన్సు ఎవడిచ్చాడు?" అంటారేమోనని మా అక్క భయం. పరీక్ష పాసై తెచ్చుకున్న లైసెన్సు జోలికి రారని ఎస్పీ గారు ముందే గట్టిగా చెప్పాలి, లేకపోతే ఆ కవరు ఏ తల్లీ తీసుకోదు.

— ఓ మేనమామ, విజయనగరం