గుట్టు పెట్టెలు ఎందుకు బిగుసుకున్నాయంటే

మా సిరొంచ దుకాణంలో గుట్టు పెట్టె కొన్నవాళ్లందరికీ నమస్కారం. వానలు పట్టినప్పటి నుంచి కింది సొరుగు రావట్లేదని ఒక్కొక్కరే ఫోన్ చేస్తున్నారు. ఇప్పటికి 13 మంది. ఉగాది నుంచి మృగశిర కార్తె దాకా నేను అమ్మినవి మొత్తం 46. తప్పు మీ వాడకంలో లేదు, నా పనిలో ఉంది. అది ఎక్కడ జరిగిందో, ఎలా సరిచేస్తున్నానో దాచకుండా చెప్తాను.

పెట్టె చూడనివాళ్ల కోసం రెండు ముక్కలు. పైకి అది పోపుల పెట్టె. ఆవాలు, జీలకర్ర, మెంతులు, మినప్పప్పు అంటూ ఆరు స్టీలు గిన్నెలు పట్టే పళ్లెం ఉంటుంది. దాని కింద అంగుళంన్నర లోతు సొరుగు, బయటికి కనిపించదు. మా అమ్మ పోపు డబ్బాలోనే పైసలు దాచేది. మీ అమ్మలూ దాచే ఉంటారు. ఆ అలవాటు చూసే ఈ పెట్టె చేశాను. పక్క చెక్కలో కాస్త వాలుగా ఒక రంధ్రం, అందులో ఒక టేకు పుల్ల. పెట్టె మామూలుగా ఉన్నప్పుడు పుల్ల తన బరువుకే జారి సొరుగు గుంటలో కూర్చుంటుంది, సొరుగు కదలదు. గిన్నెల పళ్లెం తీసి పక్కన పెట్టి, పెట్టెను ఒక పక్కకు పడుకోబెడితే పుల్ల వెనక్కి పోతుంది, సొరుగు వస్తుంది. ఏ పక్కకో ఇక్కడ రాయను, మీకిచ్చిన చీటీలో ఉంది.

ఇదంతా తుక్కు కట్టెతో చేసే పని. 2022 జులైలో గోదావరి పొంగి ఊళ్లు మునిగాక కొందరు పాత ఇళ్లు విప్పేశారు. ఆ వాసాలు కొన్నాను. చౌకట్లు చేసేవాళ్ల దగ్గర మిగిలిన ముక్కలు కొంటాను. అడవి నుంచి వచ్చిన కట్టె, బిల్లు లేని కట్టె ముట్టను. మా గడ్చిరోలి జిల్లా టేకుకు, పక్కన బల్లార్షా టేకుకు పేరుంది. అయోధ్య గుడి తలుపులకు 2023లో బల్లార్షా నుంచే టేకు వెళ్లింది. అలాంటి కట్టె పొయ్యిలోకి పోతుంటే చూడలేక మొదలుపెట్టిన పని ఇది.

వాసం వెడల్పు మూడంగుళాలకు మించదు. సొరుగు అడుగుకు ఆరంగుళాల పలక కావాలి. అంత వెడల్పు పాత టేకు అన్నిటికీ దొరక్క, ఒక విరిగిన బండి నుంచి వచ్చిన నల్లమద్ది పలకలు కోసి వేశాను. మీకు మాత్రం ‘టేకు పెట్టె’ అనే చెప్పి అమ్మాను. అడుగు నల్లమద్ది అని చెప్పలేదు. బిగుసుకోవడం కంటే ఈ మాటే నన్ను ఎక్కువ బాధపెడుతోంది. క్షమించండి.

కట్టె పొడవునా దాదాపు పెరగదు, అడ్డంగానే పెరుగుతుంది. టేకు కదిలేది తక్కువ, నల్లమద్ది కదిలేది ఎక్కువ. ఆ పలకలు నేను ఏప్రిల్, మే ఎండల్లో వేశాను. అప్పుడు మా దగ్గర గాలిలో తడే ఉండదు, కట్టె ఎంత ముడుచుకోవాలో అంత ముడుచుకుని ఉంటుంది. ఆ పలకను నాలుగు వైపులా ఫెవికాల్‌తో అంటించేశాను. జులైలో అది తడి పీల్చి ఉబ్బింది. అంటించేయడంతో పోవడానికి చోటు లేక సొరుగు పక్కలను బయటికి తోసింది. ఇంట్లో ఉంచుకున్న ఒక పెట్టె విప్పి కొలిచాను. మేలో 150 మిల్లీమీటర్లున్న పలక 152 అయింది. సొరుగుకు ఇటూ అటూ నేను వదిలిన సందు కలిపి ఒక్క మిల్లీమీటరే. పైగా లక్క పాలిష్ బయట మాత్రమే పట్టించి లోపల పచ్చిగా వదిలేశాను. 13లో 12 ఇలాంటివే. ఇంకొకదాని అడుగు టేకే, అందులో పుల్లే ఉబ్బి రంధ్రంలో ఇరుక్కుంది.

పోయిన వారం కాళేశ్వరం వైపు నుంచి ఒక పెద్దమ్మ బ్రిడ్జి దాటి వచ్చింది. పెట్టెను తువ్వాలులో చుట్టి, వానకు తడవకుండా ఒళ్లో పెట్టుకుని తెచ్చింది. ‘‘పైసలు నాయే బిడ్డా, తీసుకోనీకి నాకే వస్తలేదు’’ అంది. మనవడి ఫీజు పైసలు అవి. ఆమె ముందే వెనక చెక్కను సన్న రంపంతో కోసి తీశాను. నోట్లు కాస్త మెత్తబడ్డాయి, అంతే. రెండుసార్లు లెక్కపెట్టుకుని కొంగుకు ముడేసుకుంది. పెట్టె మాత్రం వెనక్కి తీసుకోమనలేదు, ‘‘బాగుచేసియ్యి’’ అంది. ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు.

ఇప్పుడు చేస్తున్నది ఇది. అడుగుకు ఒకే వెడల్పు పలక మానేశాను. మూడు సన్న పాత టేకు పలకలను పక్కపక్కన పెట్టి, అంటించకుండా గాడిలో వదులుతున్నాను, పలకకూ పలకకూ మధ్య గోరు మందం సందుతో. పుల్ల ఇత్తడిది. పాలిష్ లోపలా బయటా. కోసిన ముక్కలను రెండు నెలలు నీడలో ఆరనిచ్చాకే పెట్టెకు వాడుతున్నాను.

46 మందిలో ఎవరు తెచ్చినా, బిగుసుకోకపోయినా సరే, సొరుగు ఉచితంగా మారుస్తాను. దూరం వాళ్లు పంపితే కొరియర్ ఖర్చు రెండు వైపులా నాది. పెట్టె వద్దనుకుంటే డబ్బు పూర్తిగా తిరిగిస్తాను, మొహమాటపడకండి. ఈలోపు స్క్రూడ్రైవర్‌తో తెరవొద్దు, పొయ్యి దగ్గరో ఎండలోనో పెట్టొద్దు, చెక్క పగులుతుంది. గిన్నెలు తీసేసి ఫ్యాన్ కింద వారం రోజులు ఉంచితే కొన్ని వాటంతటవే వదులవుతాయి. ఇంకో మాట, అది లాకర్ కాదు. ఇంటి ఖర్చుల పైసలకు సరిపోతుంది, బంగారం పెట్టొద్దు.

ధర 850 నుంచి 1,100 చేస్తున్నాను. ఇత్తడి పుల్ల, అదనపు పని, ఆరబెట్టే సమయం కలిపితే పాత ధరకు గిట్టదు. ఇప్పటికే అడ్వాన్స్ ఇచ్చినవాళ్లకు 850యే. నెలకు ఇరవైకి మించి చేయలేను, కాబట్టి దసరాకు కొత్త ఆర్డర్లు తీసుకోవట్లేదు. దీపావళికి అడగండి, ఇవ్వగలిగితేనే అవునంటాను.

ఆ పెద్దమ్మ పెట్టెకు కొత్త సొరుగు, వెనక చెక్క రెండూ అయిపోయాయి. పాలిష్ ఆరుతోంది. శనివారం నేనే తీసుకెళ్లి ఇచ్చి వస్తాను, ఆ రోజు మధ్యాహ్నం దాకా దుకాణం మూసి ఉంటుంది.