ఎందుకు పడ్డారో అడిగేవాళ్లేరీ?

సంపాదకుడి గారికి,

పెద్దవాళ్లు ఇంట్లో పడిపోవడం గురించి పోయిన వారం మీరు వేసిన కథనం చదివాను. వెంటనే రాద్దామనుకుని, కోపంలో రాయడం మంచిది కాదని ఆగాను. ఇన్ని రోజులైనా కోపం తగ్గలేదు. బాత్రూంలో పట్టుకోవడానికి రాడ్డు, జారని చెప్పులు, రాత్రిపూట లైటు. కథనమంతా ఇంతే. అవి కావాల్సినవే, కాదనను. కానీ పొడి నేల మీద నడుస్తూ నడుస్తూ కుప్పకూలిపోయిన మనిషికి చెప్పులు మారిస్తే ఏం లాభం? పైగా వయసు మీద పడితే ఇవన్నీ మామూలే అన్నట్టు ముగించారు. ఆ మాటతోనే నాకు పేచీ.

నేను ఏళ్ల తరబడి వార్డుల్లో నర్సుగా చేసి రిటైరయ్యాను. పడి వచ్చిన పెద్దవాళ్లకు ఏం జరుగుతుందో దగ్గరుండి చూశాను. ఎక్స్‌రే తీస్తారు. ఎముక విరిగితే ఆపరేషన్, లేకపోతే నొప్పి మాత్రలిచ్చి ఇంటికి. కేస్ షీట్లో మాత్రం ‘కాలు జారి పడ్డారు’ అని ఒక్క ముక్క. నిజంగా జారారా, తూలారా, కళ్లు తిరిగాయా, స్పృహ తప్పిందా? మంచం మీంచి లేచిన వెంటనే పడ్డారా, రాత్రి మూత్రానికి హడావిడిగా వెళ్తూ పడ్డారా? ఇవి అడగడానికి ఐదు నిమిషాలు పట్టదు. ‘జారానమ్మా’ అని చెప్పేవాళ్లలో కొందరికి తాము స్పృహ తప్పిన సంగతే గుర్తుండదు. పక్కనున్నవాళ్లను అడిగితేనే బయటపడుతుంది. అలాంటివాళ్లకు గుండె లయ తప్పుతోందేమో చూడాలి, ఈసీజీ తీయాలి. చేతికి కట్టు కట్టి పంపేస్తే గుండె సంగతి ఎవరు చూస్తారు? పడ్డాక ఎంతసేపు నేల మీదే ఉండిపోయారని కూడా అడగాలి. గంటల తరబడి లేవలేక పడి ఉంటే కండరాలు దెబ్బతిని అది కిడ్నీల మీదికి వస్తుంది. రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్లకు తలకు చిన్న దెబ్బ తగిలినా లోపల మెల్లగా రక్తం చేరి, కొన్ని వారాల తర్వాత మతిమరుపులాగానో, మగతలాగానో కనబడొచ్చు.

ఒక పెద్దాయన మాటిమాటికీ పడుతున్నారని వార్డుకు తెచ్చారు. అప్పటికే వేరే చోట రెండుసార్లు కట్లు కట్టి పంపారట. మా దగ్గర కొత్తగా చేరిన ఓ డాక్టరమ్మాయి ఆయన్ని కాసేపు పడుకోబెట్టి బీపీ చూసింది. చేతికున్న బీపీ పట్టీ తీయకుండానే లేపి నిలబెట్టి మళ్లీ చూసింది. పై అంకె ముందుకన్నా ఇరవైకి పైగా తగ్గిపోయింది, లేవగానే కళ్లు తిరిగేది అందుకే. ఆయన మంచం ఊచ గట్టిగా పట్టుకుని ‘ఇదిగో, ఇట్లాగే అవుతుందమ్మా’ అన్నారు. ఆయన భార్య సంచిలోని మాత్రలన్నీ దుప్పటి మీద పోసింది. ఇద్దరు డాక్టర్లు రాసిన బీపీ మాత్రలు, పేర్లు వేరు, మందు ఒకటే. దానికి తోడు నీరు మాత్ర, ప్రోస్టేట్ మాత్ర, రాత్రికి నిద్రమాత్ర. ఇలాంటివి కలిస్తే నిలబడగానే బీపీ పడిపోవచ్చు. అన్నేళ్లుగా వాటన్నిటినీ ఒకచోట పెట్టి చూసినవాళ్లు లేరు.

పడటానికి ఒక్క కారణమే ఉండటం అరుదు. షుగరుతో పాదాలు మొద్దుబారి ఉంటాయి, కంట్లో శుక్లం ఉంటుంది, తొడల్లో బలం తగ్గి ఉంటుంది, పైన మాత్రలు. అన్నీ కలిసి ఒక రాత్రి పడేస్తాయి. అయితే వీటిలో చాలా వాటికి వైద్యం ఉంది. 65 దాటినవాళ్లలో ఏటా దాదాపు ముగ్గురిలో ఒకరు పడుతున్నారు. పడిపోవడం వల్ల ప్రపంచంలో ఏడాదికి 6 లక్షల 84 వేల మంది పోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ప్రమాదవశాత్తూ దెబ్బలు తగిలి పోయేవాళ్లలో రోడ్డు ప్రమాదాల తర్వాతి స్థానం దీనిదే. దీన్ని మామూలే అనడం ఏం న్యాయం?

ఇక ఆస్పత్రి పెద్దల తీరు. వార్డులో పేషెంటు పడితే వాళ్లు అడిగే మొదటి ప్రశ్న ‘డ్యూటీలో ఎవరున్నారు?’ అని. ఎందుకు పడ్డారన్న ప్రశ్న రానే రాదు. మెమో భయానికి సిస్టర్లు పెద్దవాళ్లను మంచం దిగనివ్వరు. ఊచలు పైకెత్తి ఉంచుతారు. తికమకలో ఉన్న మనిషి ఆ ఊచలెక్కి దూకబోయి ఇంకా ఎత్తు నుంచి పడతాడు. దిగకుండా పడుకున్నవాళ్లకు రోజురోజుకీ కాళ్లలో సత్తువ పోతుంది. పడే ప్రమాదం ఉందో లేదో రాసే ఫారం ఒకటుంటుంది, తనిఖీ వస్తోందంటే టిక్కులన్నీ ఒక్క పూటలో పడిపోతాయి. ఇంతమంది సిబ్బందితో ఇంతమంది పేషెంట్లను ఎలా నడిపిస్తారని పైవాళ్లలో ఒక్కరూ ఆలోచించరు. పెద్దవాళ్లు తరచూ వెళ్లే ఆఫీసులే చూడండి, మెట్లకు పట్టుకోవడానికి ఆసరా ఉండదు. కట్టినవాళ్లకూ పట్టలేదు, అనుమతిచ్చినవాళ్లకూ పట్టలేదు.

కుర్చీలోంచి లేచి మూడు మీటర్లు నడిచి, వెనక్కి తిరిగి వచ్చి కూర్చోమనే పరీక్ష 1991 నుంచీ ఉంది. దానికి 12 సెకన్లు, అంతకుమించి సమయం తీసుకుంటే పడిపోయే ప్రమాదం ఉందని అనుమానించాలని అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ చెబుతుంది. కావాల్సింది కుర్చీ, గడియారం. ఆరోగ్యశాఖ వారికి నా విన్నపం ఒకటే. పడి వచ్చిన ప్రతి పెద్దవయసు పేషెంటుకూ పడుకోబెట్టీ నిలబెట్టీ చూసిన బీపీ, ఈ నడక పరీక్ష, వాడుతున్న మాత్రలన్నిటి సమీక్ష, పడటానికి కారణం డిశ్చార్జి కాగితంలో రాసి తీరాలని సర్క్యులర్ ఇవ్వండి. నడక, బ్యాలెన్స్ వ్యాయామాలు నేర్పే ఫిజియోథెరపిస్టు దగ్గరికి పంపకుండా ఇంటికి పంపొద్దు. మీ పత్రిక కూడా ఈ విషయం ఆరోగ్యశాఖ అధికారులను అడిగి, వాళ్లిచ్చిన జవాబు అచ్చువేయాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత స్టాఫ్ నర్సు